12 అడుగుల వాకిలికి స్లైడింగ్ గేటు: పని డైరీ

చోటు విజయవాడ శివారు. 200 గజాల ప్లాటు, తూర్పు ముఖం. ప్రహరీ లోపలి కొలత ఉత్తరం నుంచి దక్షిణానికి 9.8 మీటర్లు. నేల నల్లరేగడి. రోడ్డుకన్నా ఇంటి ఫ్లోరింగు ఎత్తు కాబట్టి కారు ర్యాంపు ఎక్కి లోపలికి రావాలి. రెక్కల గేటు పెడితే లోపలికి తెరిచినప్పుడు రెక్క అడుగు ర్యాంపుకు గుద్దుకుంటుంది, బయటికి తెరిస్తే రోడ్డు మీదికి పోతుంది. అందుకే పక్కకు జరిగే గేటు.

1వ రోజు: కొలతలు, అడ్డంకులు

గేటు పక్కకు జరగాలంటే వాకిలి వెడల్పుకు మించిన ఖాళీ గోడ వెంట ఉండాలి. ముందు తేల్చుకోవలసింది అదే. ఉత్తరం మూల నుంచి లెక్క ఇదీ: స్తంభం 300 మి.మీ., మనుషులు నడిచే చిన్న గేటు 900, మరో స్తంభం 300, తర్వాత కారు వాకిలి 3660. మొత్తం 5160. దక్షిణం వైపు గోడకు మిగిలింది 4640. గేటు పొడవు 13 అడుగులు, అంటే 3960. పూర్తిగా తెరిచాక మూలలో ఇంకా 680 మి.మీ. మిగులుతుంది. సరిపోయింది.

వాకిలి 3660 అయితే గేటు 3960 ఎందుకంటే, మూసినప్పుడు తాళం స్తంభం వెనక్కి 100, తోక వైపు, అంటే గేటు వెనక చివర, గోడ వెనక్కి 200 మి.మీ. దూరాలి. తోక వైపు ఆ 200 దగ్గర పిసినారితనం పనికిరాదు. గేటును నిలువుగా పట్టుకునే పై గైడ్ రోలర్లు అక్కడే ఉంటాయి. అది 50కి తగ్గితే మూసిన గేటును ఒక్క జత రోలర్లే పట్టుకుంటాయి, గాలికి గేటు తల ఊగుతుంది.

వాస్తు ప్రకారం కరెంటు మీటరు ఆగ్నేయంలో పెట్టారు. గేటు వెనక్కి జరిగేది కూడా ఆగ్నేయం వైపే. మూల నుంచి 1.1 మీటర్ల దూరంలో ఉన్న మీటరు డబ్బా గోడ మీద నుంచి 150 మి.మీ. ముందుకు వచ్చింది. గేటుకూ గోడకూ మధ్య ఉండబోయే సందు 85 మాత్రమే. గేటు నేరుగా వెళ్లి డబ్బాను గుద్దుతుంది. మీటరును మనమే పీకి జరపకూడదు కాబట్టి, మూలలోని ఆ 680 మి.మీ. ఖాళీలోకి మార్చమని విద్యుత్ శాఖకు దరఖాస్తు పెట్టాం. తూర్పు ముఖం ఇళ్లలో స్లైడింగ్ గేటు అనుకునేవాళ్లు టేపు పట్టుకోగానే చూడాల్సింది ఆ డబ్బానే. ఈశాన్యంలో సంపు ఉంది. దాని గోడకూ, గేటు చక్రాలు దొర్లే ట్రాక్ పునాదికి చేసే తవ్వకానికీ మధ్య కనీసం ఒక అడుగు మట్టి వదలాలి.

గోడ తల మీద వేసిన కప్పు, అంటే కోపింగ్, రెండంగుళాలు లోపలికి పొడుచుకొచ్చింది. అందుకని ట్రాక్ మధ్యగీతను గోడ నుంచి 105 మి.మీ. దూరంలో కొట్టాం: కోపింగ్ 50, సందు 35, గేటు అడుగు పైపులో సగం 20.

2వ రోజు: డిజైను, బరువు

గేటు పై సగం ఊచలు, కింది సగం రేకు. మొత్తం రేకు వేస్తే బాగుంటుందని చాలామంది అడుగుతారు. గాలి లెక్క ఒకసారి చూస్తే ఆ మాట మళ్లీ రాదు. గాలి ఒత్తిడి లెక్కకు వాడే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం ప్రకారం విజయవాడకు లెక్కలోకి తీసుకోవాల్సిన ప్రాథమిక గాలివేగం సెకనుకు 50 మీటర్లు. ఆ వేగానికి చదరపు మీటరు మీద సుమారు 150 కిలోల ఒత్తిడి పడుతుంది. గేటు వైశాల్యం 6.5 చదరపు మీటర్లు. నిండా రేకు అయితే దాదాపు టన్ను బరువు పక్క నుంచి తోసినట్టు. పై సగం ఊచలైతే అది మూడింట రెండొంతులకు తగ్గుతుంది. తుపాను గాలి తెలిసిన ఊళ్లో ఈ తేడా చిన్నది కాదు.

చట్రం ఎత్తు 1650: అడుగున 80×40×3 బాక్సు పైపు, దాని మీద 780 రేకు భాగం, 40 నడుమ పైపు, 700 ఊచలు, పైన 50×50×2 పైపు. నిలువు పైపులు 50×50వి నాలుగు, నట్టనడుమ 40×40ది ఒకటి. నడుమది సన్నగా ఎందుకంటే, పైపులు 6 మీటర్ల పొడవులో వస్తాయి. పై పైపు 3960, దాని మిగులులో ఒక 1520 నిలువు తెగుతుంది. రెండో పైపులో మూడు తెగాక మిగిలేది 1440. ఐదో నిలువుకు 80 మి.మీ. తక్కువ. దానికోసం మూడో పైపు కొనే బదులు నడుమ పైపు ముక్కలు తీశాక మిగిలిన 40×40లో కోశాం. బలానికి లోటేమీ లేదు.

ఇలా నాలుగు గదులు వస్తాయి, ఒక్కోటి 930 వెడల్పు. గదికి 7 చొప్పున 25×25×1.6 ఊచలు 28. ఊచకూ ఊచకూ సందు 94 మి.మీ. నాలుగంగుళాలు దాటనివ్వకూడదు, పిల్లల తల దూరుతుంది. రేకు 18 గేజి, అంటే 1.2 మి.మీ. ముక్క 950×800. 8×4 రేకులో 800 వైపును పొడవునా పెట్టి కోస్తే మూడు ముక్కలొస్తాయి, అడ్డం తిప్పితే రెండే. నాలుగో ముక్కకు రెండో రేకు కొనక తప్పదు. మిగిలింది చిన్న గేటుకు.

బరువు: అడుగు పైపు 21.3 కిలోలు, పై పైపు 11.9, నిలువులు అన్నీ కలిపి 21.9, నడుమ ముక్కలు 8.9, ఊచలు 23, రేకు 28.6. మొత్తం 115.6. చక్రాలు, బలం పట్టీలు, గడియ, రంగు కలుపుకుని 125 కిలోలు. బయట చేయించేవాళ్లకు కూడా ఈ లెక్క చేతిలో ఉండాలి. వర్క్‌షాపుల్లో గేటుకు కిలో లెక్కనే రేటు చెబుతారు. పైపు మందం పేరుకు 2 మి.మీ. అని చెప్పి 1.6ది వేస్తే తేడా తూకంలో దొరికిపోతుంది. కొట్లో వెర్నియర్‌తో పైపు అంచు కొలిచి తీసుకున్నాం.

3, 4 రోజులు: పునాది

పని మొత్తంలో అసలు భాగం ఇది. గేటు బాగా చేసి ట్రాక్ మట్టం తప్పితే ఆ గేటు జీవితమంతా ఏడిపిస్తుంది. గేటులో చిన్న వంకర ఉన్నా ట్రాక్ సరిగ్గా ఉంటే నడుస్తుంది.

నల్లరేగడి వానకు ఉబ్బి ఎండకు కుంగుతుంది. ఫ్లోరింగు కాంక్రీటు మీదే ట్రాక్ పట్టీ బిగిస్తే రెండో ఏడాదికి అల లాగా లేస్తుంది. అందుకని 450 మి.మీ. లోతు తవ్వి, 150 గ్రావెల్ పోసి తడిపి దిమ్మిస కొట్టి, 50 బెడ్ కాంక్రీటు, దాని మీద 200 వెడల్పు 250 లోతు బీము వేశాం. పొడవు 7.5 మీటర్లు. ఇనుము పైన రెండు కింద రెండు 10 ఎంఎం ఊచలు, 8 ఎంఎం రింగులు 200కు ఒకటి. కాంక్రీటు 1:1½:3. బీముకు సిమెంటు 3 బస్తాలు, ఇసుక 6 ఘనపుటడుగులు, 20 ఎంఎం కంకర 11 నుంచి 12. కారు చక్రాలు దీన్ని దాటుకుంటూ వెళ్తాయి కాబట్టి పొదుపు ఇక్కడ వద్దు.

కాంక్రీటు పోయకముందే బీములో పెట్టాల్సినవి మూడు. వాన నీళ్లు బయటికి పోయే 3 అంగుళాల పీవీసీ పైపు బీము అడుగు నుంచి. రేపు మోటారు పెట్టుకుంటే కరెంటుకు ఒకటి, సెన్సారుకు ఒకటి, వేర్వేరుగా రెండు 25 ఎంఎం కండ్యూట్లు, అంటే వైర్లు వెళ్లే గొట్టాలు. మూడోది, ట్రాక్ పట్టీని అతకడానికి నిలువుగా నిలబెట్టిన 10 ఎంఎం ఊచలు, అర మీటరుకొకటి చొప్పున 16. ఇవి మరిచిపోతే తర్వాత బీముకు డ్రిల్లు పెట్టాలి, అది బీముకు మంచిది కాదు.

బీము పై తలాన్ని పూర్తి ఫ్లోరింగు మట్టానికి 40 మి.మీ. కింద ఆపాం. పూర్తి ఫ్లోరింగు అంటే పార్కింగ్ టైలు పరిచాక వచ్చే మట్టం. టైలు తర్వాత చూసుకుందాంలే అని ట్రాక్ ముందు బిగిస్తే, టైలూ దాని కింది మాలూ కలిసి ట్రాక్‌ను పాతేస్తాయి. ఇలా పాడైన గేట్లు ప్రతి కాలనీలో కనిపిస్తాయి. లెవల్ పైపుతో, అంటే నీళ్లు నింపిన గొట్టంతో, ఆ మట్టాన్ని ప్రహరీ పొడవునా గీసి, ఆ గీత మాసిపోకుండా మేకులు కొట్టాం.

5 నుంచి 11 వరకు: క్యూరింగ్ జరుగుతుండగా చట్రం

బీముకు గోనెపట్టాలు కప్పి రోజుకు మూడుసార్లు నీళ్లు. ఈలోగా చట్రం పని.

చదునైన చోటు దొరకాలి. నాలుగు ఇటుకల మీద పైపులు పెట్టి వెల్డింగ్ చేస్తే గేటు మెలి తిరుగుతుంది, నిలబెట్టాక దాన్ని తీయడం కష్టం. మూడు చోట్ల 75×40 చానెళ్లు అడ్డంగా పెట్టి, లెవల్ పైపుతో మట్టం కట్టి, ఆ బల్ల మీద చట్రం పరిచాం. బయటికి కనిపించే ముఖం కిందికి పెట్టాం. పైపుల వెడల్పులు 40, 50 అని వేర్వేరు కదా, ముఖం ఒకే తలంలోకి రావాలంటే ఇదొక్కటే దారి.

ముందు అన్ని మూలలకూ బొట్లు మాత్రమే, అంటే ట్యాకింగ్. తర్వాత మూలకు మూల టేపు. ఈ కొలతల్లో ఒక సుళువుంది. 1650, 3960 రెండూ 330తో భాగిస్తే 5, 12 వస్తాయి. కాబట్టి కర్ణం 13 రెట్లు, అంటే సరిగ్గా 4290. రెండు కర్ణాలూ 4290 రావాలి. మొదటిసారి ఒకటి 4293, ఇంకోటి 4287 వచ్చింది. పొడవు ఎక్కువున్న కర్ణం మీద చైన్ పుల్లీ వేసి లాగి సరిచేసి మళ్లీ టేపు పట్టాం. 2 మి.మీ. లోపు తేడా ఉంటే చాలు.

వెల్డింగ్ 12 గేజి రాడ్డు, అంటే 2.5 ఎంఎం, 70 ఆంపియర్ల దగ్గర. అడుగు పైపు 3 మి.మీ. మందం కాబట్టి దాని కీళ్లకు 10 గేజి రాడ్డు, 100 ఆంపియర్లు. సన్న ఊచలకు 60 దాటితే చిల్లు పడుతుంది. ఒక మూల పూర్తిచేసి పక్క మూలకు పోకూడదు. ఎదురు మూలకు వెళ్లి, తిరిగొచ్చి, చట్రం తిరగేసి, ఇలా వేడిని పంచాలి.

రేకు విషయంలో తొందరపడితే పాడవుతుంది. అంచంతా వరసగా అతికితే వేడికి రేకు సాగి, చల్లారాక నడుమ ఉబ్బుతుంది. గాలి తగిలినప్పుడల్లా డబ్బు డబ్బుమని మోగుతుంది. అంగుళం అతుకు, ఆరంగుళాలు ఖాళీ, నడుమ నుంచి అంచులకు. రేకు నాలుగు అంచులా బిగిసి ఉన్నప్పుడు చట్రం ఏటవాలు పడకుండా అదే ఆపుతుంది, వేరే ఏటవాలు పైపు అక్కర్లేదు. నీళ్లు చేరే రేకు కింది అంచుకు వెల్డింగ్ ఖాళీల్లో సీలెంటు పట్టించాం. అడుగు పైపుకు అడుగున 6 ఎంఎం చిల్లులు నాలుగు, లోపల చేరిన తేమ కారిపోవడానికి. పైపుల చివరలన్నీ రేకు ముక్కలతో మూసేయాలి, లేకపోతే ఎలకలూ కందిరీగలూ చేరతాయి.

9వ రోజు ఆటోనగర్‌కు: చక్రాలు

కొట్లో దొరికే చక్రాలు చాలావరకు బాగానే ఉంటాయి. ఇక్కడ అడుగు పైపు లోపల దాచే చక్రం కావాలి కాబట్టి లేత్ మీద చేయించాం. బయటి వ్యాసం 90, మందం 28, అంచున 18 వెడల్పు 9 లోతు గుండ్రటి గాడి. లోపల 6204 బేరింగ్, రెండువైపులా రబ్బరు సీలున్నది. బేరింగ్ రంధ్రం 20 ఎంఎం. దీనికి ఎం20 బోల్టు పెట్టేస్తుంటారు, కానీ బోల్టు కాడ కొలిస్తే 20కి కాస్త తక్కువే ఉంటుంది. ఆ సందులో ఇరుసు అరిగి చక్రం ఓ పక్కకు వాలుతుంది. సరిగ్గా కొలతకు నున్నగా తీసిన 20 ఎంఎం ఊచ, అంటే బ్రైట్ బార్, కోయించి ఇరుసుగా పెట్టాం.

చక్రం పట్టే కొలత జాగ్రత్తగా చూడాలి. ట్రాక్ 16 ఎంఎం గుండు ఊచ. గాడి అడుగున చక్రం వ్యాసార్ధం 36. కాబట్టి నేల నుంచి ఇరుసు మధ్యకు 52. గేటు అడుగు నేలకు 25 ఎత్తులో ఉండాలంటే, పైపు అడుగు అంచు నుంచి 27 మి.మీ. పైన ఇరుసు చిల్లు. చక్రం తల పైపు లోకప్పుకు 5 మి.మీ. కింద ఆగుతుంది. చక్రం చెవి, అంటే గాడి పక్కనున్న అంచు, నేలకు 7 మి.మీ. పైన ఉంటుంది. ఇసుక రేణువులు పోగైనా చెవి రాసుకోకుండా ఆ 7 కాపాడుతుంది. పైపు లోపలి వెడల్పు 34, చక్రం 28. పక్కకు మూడేసి మి.మీ. వాషర్లు.

పైపు అడుగు కోసిన చోట బలం తగ్గుతుంది కాబట్టి రెండు పక్కలా 150×70×5 పట్టీలు అతికి, వాటి గుండా చిల్లు వేశాం. రెండు చక్రాలూ గేటు చివరల నుంచి 300 లోపలికి. ఒక్కో చక్రం మీద 62 కిలోలు పడుతుందని ఆ బరువుకే సరిపెట్టకూడదు. ట్రాక్ మీద రాయి వచ్చినప్పుడు బరువంతా ఒక చక్రం మీదికి వాలుతుంది.

12, 13 రోజులు: ట్రాక్

50×6 ఫ్లాట్ పట్టీ మధ్యలో 16 ఎంఎం గుండు ఊచ. పొడవు 7.42 మీటర్లు. మొదటి ముక్కను ఒకే వైపు వరసగా అతికేసరికి పట్టీ 6 మి.మీ. వంగింది. అతికిన వైపు చల్లారుతూ లాక్కుంటుంది. వంపు సుత్తితో తీసి, రెండో ముక్కకు పద్ధతి మార్చాం: రెండంగుళాలు కుడివైపు, ఆరంగుళాలు వదిలి రెండంగుళాలు ఎడమవైపు. వంపు 1 మి.మీ.కు తగ్గింది. 6 మీటర్ల ముక్కను వాకిలి వైపు పెట్టి, అతుకు కారు చక్రాలు ఎక్కని చోట, గోడ వెనక భాగంలో పడేట్టు చూశాం. అతుకు గ్రైండింగ్ చేశాక గోరు పెట్టి జరిపితే తగలకూడదు.

తర్వాత మట్టం. చివర్లలో దారం కట్టి, 16 ఊచల దగ్గరా లెవల్ పైపు చూసుకుంటూ పట్టీని నిలబెట్టి అతికాం. ఒక చివర నుంచి ఇంకో చివరకు తేడా 2 మి.మీ. లోపు వచ్చింది. వాలు ఉంటే ఏమవుతుందో లెక్క కట్టొచ్చు: మీటరుకు 10 మి.మీ. వాలు ఉంటే 125 కిలోల గేటును 1.25 కిలోల బలం ఎప్పుడూ ఒకవైపు లాగుతూనే ఉంటుంది. బేరింగులు బాగా తేలిగ్గా నడిస్తే, కదిలిన గేటు ఆగకుండా ఆ వైపే పోవచ్చు. చివరగా పట్టీ చుట్టూ 6 ఎంఎం చిప్స్‌తో, అంటే సన్న కంకరతో, కాంక్రీటు, పట్టీ పై ముఖం సరిగ్గా ఫ్లోరింగు మట్టంలో.

17వ రోజు: ఎక్కించడం

మధ్యలో మూడు రోజులు కాంక్రీటు గట్టిపడటానికి, ప్రైమరుకు. గ్రైండరుతో స్లాగు, అంటే వెల్డింగ్ మీద పేరుకున్న చిట్టెం, తీసి, థిన్నరు గుడ్డతో తుడిచి, రెడ్ ఆక్సైడ్ జింక్ క్రోమేట్ రెండు పూతలు. సముద్రపు గాలి తగిలే మచిలీపట్నం, కాకినాడ వైపైతే దీనికి బదులు ఎపాక్సీ జింక్ ప్రైమరు వేయాలి.

గేటు నిలబెట్టే రోజు అన్నిటికన్నా ప్రమాదం. ఆరుగురు మనుషులు, గోడకు కట్టిన రెండు మోకులు. గైడ్ రోలర్ల బ్రాకెట్ బిగిసేదాకా మోకులు విప్పకూడదు, గేటును ఒక్క చేత్తో పట్టుకుని ఎవరూ నిలబడకూడదు. 125 కిలోల గేటు మీద పడితే మనిషి మిగలడు.

నాలుగు నైలాన్ రోలర్ల బ్రాకెట్, జతకూ జతకూ మధ్య 150 మి.మీ. తోక వైపు ఆ 200లో ఇరుక్కుంటుంది. రోలర్ల మధ్య సందు 54, పై పైపు 50. ముఖం ఒకే తలంలో ఉంచినందువల్ల పై పైపు మధ్యగీత ట్రాక్ గీతకన్నా 5 మి.మీ. లోపలికి ఉంటుంది. గుండు వేలాడదీసి చూసుకునే రోలర్లు బిగించాలి. ట్రాక్ మధ్యకు సరిగ్గా పైన బిగిస్తే గేటు పైభాగం గోడవైపు లాగబడుతుంది, ఒక పక్క రోలర్లు నెలల్లోనే అరుగుతాయి. బ్రాకెట్ పై పట్టీకీ గేటుకూ మధ్య చక్రం గాడి లోతు 9 మి.మీ. కన్నా తక్కువ సందే వదిలాం. జాకీ పెట్టి గేటును ట్రాక్ నుంచి పైకి లేపేందుకు వీలుండదు.

ఇక స్టాపర్లు. వీటిని ఆఖరున ఎప్పుడో వేద్దామని వదిలేసిన గేట్లే పిల్లల మీద, వాచ్‌మన్ల మీద పడుతున్నాయి. గేటు జోరుగా తోస్తే గైడ్ రోలర్లు దాటి పోతుంది, ఆపైన దాన్ని నిలబెట్టేది ఏదీ లేదు. బీముకు రెండు చివర్లా 75×75×6 యాంగిల్ ముక్కలు, రబ్బరు బఫర్లతో, యాంకర్ బోల్టులతో. అవి ఊడిపోతే ఆదుకోవడానికి గేటు పై పైపు రెండు చివర్లా ఒక్కో పట్టీ ముక్క నిలువుగా అతికాం. అది బ్రాకెట్‌ను తాకి ఆగుతుంది. ఇవి బిగించాకే మోకులు విప్పాం. ఒక హెచ్చరిక: గేటు ట్రాక్ మీద ఉండగా వెల్డింగ్ చేస్తే ఎర్త్ క్లాంపు గేటుకే, అతికే చోటుకు దగ్గరగా తగిలించాలి. ట్రాక్‌కు తగిలిస్తే కరెంటు బేరింగుల గుండా పోయి గోళీలకు మచ్చలు పడతాయి.

తాళం స్తంభానికి యూ ఆకారపు దవడ, నాలుగు 10 ఎంఎం యాంకర్లతో. మూసిన గేటు తలను గాలికి పట్టుకునేది అదే.

స్ప్రింగ్ త్రాసు తగిలించి లాగితే 3 కిలోల దగ్గర గేటు కదిలింది. స్కూలు పిల్లలు కూడా జరపగలరు.

24వ రోజు: మొదటి వాన తర్వాత

ఎనామెల్ రెండు పూతలు అయ్యాయి. రాత్రి వాన పడింది. ట్రాక్ ఊచ 16 మి.మీ. ఎత్తు కట్ట లాగా పనిచేసి లోపలి వైపు నీళ్లు నిలిపింది. ఇలా జరుగుతుందనే ముందుగా ట్రాక్‌కు 600 మి.మీ. లోపల 100 వెడల్పు కాలువ, జాలీ పెట్టి, బీము కింది పైపుకు కలిపాం. అయినా కాలువకూ ట్రాక్‌కూ మధ్య టైల్స్ వాలు కాలువ వైపు కాకుండా ట్రాక్ వైపు ఉంది. ఆ రెండు వరసలు లేపి మీటరుకు 10 మి.మీ. వాలుతో మళ్లీ పరచాలి. గాడిలో బురద పట్టింది. తుడిచి ఆరబెట్టాం. ట్రాక్‌కు గ్రీజు పెట్టకూడదు, ఇసుకను పట్టుకుని సానరాయిలా చక్రాన్ని తినేస్తుంది. బేరింగులు సీలువి కాబట్టి వాటికీ అక్కర్లేదు. గ్రీజు గడియకు మాత్రమే.

మిగిలిన పనులు: ఆ రెండు వరసల టైల్స్, రెండో రేకులో మిగిలిన ముక్కతో చిన్న గేటు, మీటరు డబ్బా ఖాళీ చేసిన చోట గోడకు పూత.